ఆజాద్ చెట్టు, ఉదాస్ చెట్టు

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ సెక్రటరీ పోయిన నెల ఒక ఆదివారం ఇంటికొచ్చి, కాంపౌండులో చెట్లన్నిటికీ పేర్ల బోర్డులు పెట్టిద్దామనుకుంటున్నామని చెప్పాడు. బాటనీ చదివినదాన్ని కాబట్టి పేర్లు నేనే రాసివ్వాలట. లాటిన్ పేరు, తెలుగు పేరు, వీలైతే ఆ లాటిన్ పేరుకు అర్థం కూడా. "అర్థం తెలిస్తే పిల్లలకు గుర్తుంటుంది కదండీ" అన్నాడు. ఆయన కాఫీ తాగి వెళ్ళాక బీరువా తెరిచి, చీరల అడుగున ఇరవై ఏళ్ళకు పైగా దాచిన చిన్న నోట్‌బుక్ బయటికి తీశాను. అరచేయంత ఉంటుంది. చుట్టూ సైకిలు ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీ. ఎండిపోయిందేమో, ముట్టుకోగానే తెగింది.

ఆ నోట్‌బుక్ నాది కాదు. నేను దొంగిలించాను. ఇంతకంటే మెత్తటి మాటలు ఉన్నాయి గానీ ఈ వయసులో నాకు వాటితో పనేమిటి.

తొంభై ఎనిమిదిలో ఎమ్మెస్సీ ముగించి గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చాను. యూనివర్సిటీలో నాది రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయి మీద ఏడుపు అప్పటికింకా తీరలేదు. మాదాపూర్‌లో బండలు పేల్చి భవనాలు లేపుతున్న రోజులవి. కంప్యూటర్ కంపెనీల కోసం అప్పుడే లేపిన గుండ్రటి పెద్ద భవనానికి కాస్త దూరంలో ఇంకో ఆఫీసు కడుతున్నారు. దాని చుట్టూ తోట వేసే సంస్థలో నాకు ఉద్యోగం. ఆరు నెలలు చూస్తారు. పనికొస్తానంటే ఖాయం చేస్తారు, లేదంటే ఇంటికే. నేను ఇల్లు వదిలి రావడం మా నాన్నకు సుతరామూ ఇష్టం లేదు. ఒకసారి తిరిగి వెళ్తే మళ్ళీ గడప దాటనివ్వడని నాకు తెలుసు. అందుకని అమీర్‌పేట హాస్టల్లో ఇరుకు గదినీ, నీళ్ళ సాంబారునీ, రెండు బస్సులు మారే ప్రయాణాన్నీ కిక్కురుమనకుండా భరించాను.

మొదటి రోజు, నర్సరీ షెడ్డులో క్రోటన్ కుండీలు లెక్కపెడుతుంటే ఒక ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు కట్టుకుని ఏదో చెప్పాడు. లెక్క తప్పుతుందని తలెత్తకుండా, "సరే సరే, ముందు ఆ వరస తడపండి" అన్నాను. ఆయన వెళ్ళి తడిపాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. నేనూ అలాగే అలవాటు పడ్డాను.

సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఏదో కాలేజీలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అప్పటి ఖాకీ చొక్కా ఇంకా తొడుక్కునేవాడు. కళ్ళద్దాలకు ఒక కాడ లేదు, దాని బదులు దారం. చాయ్ సాసర్లో పోసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊది, కళ్ళు మూసుకుని తాగేవాడు. ఏ మొక్క దగ్గరికి వెళ్ళినా మొదట ఆకును వెనక్కి తిప్పి చూసేవాడు. ముందువైపు అందరూ చూస్తారు, వెనకవైపు చూసినోడికే మొక్క మాట్లాడుతుందని ఆయన సిద్ధాంతం. సాధువేమీ కాదు. చాడీలు బాగా చెప్పేవాడు. తన మాట కాదన్న మాలీతో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. మా మేనేజరు గోడ పొడుగునా ముచ్చటపడి నాటించిన పొడుగు అశోక చెట్లంటే ఆయనకు పడదు. "అన్ని రోగాలకు మందని పేరు వెట్టుకున్నది. నీడ గూడ సక్కగియ్యది" అని వాటి ముందు నుంచి పోయినప్పుడల్లా అనేవాడు. ఆ చెట్టు లాటిన్ పేరు పాలియాల్తియా. ఆయన అంటున్నది ఆ పేరుకు అర్థమేనని నాకు అప్పుడు తట్టలేదు. ఏదో ముసలాయన సణుగుడు అనుకున్నాను.

తట్టిన రోజు బాగా గుర్తుంది. తోటలో చెట్లకు పేర్ల బోర్డులు రాయించే పని నాది. ఆ స్థలంలో ముందునుంచీ ఉన్న వేపచెట్టుకు మొదటి బోర్డు కొట్టించాను. తెలుగు అక్షరాల్లోనే, అజాడిరక్టా ఇండికా అని. పెద్దాయన దాని ముందు నిలబడి కూడబలుక్కుని చదివాడు. మళ్ళీ చదివి నవ్వడం మొదలుపెట్టాడు. తప్పు రాయించానేమోనని బోర్డును అక్షరం అక్షరం చూసుకున్నాను.

"గిది లాటిన్ గాదు మేడమ్, మా బడిల మాట" అన్నాడు. "ఆజాద్ దరఖ్త్. దరఖ్త్ అంటే చెట్టు. ఆజాద్ అంటే ఎవ్వల చేతికింద లేనిది."

ఆయన చిన్నప్పుడు మెదక్ దగ్గర ఊళ్ళో నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాడట. అప్పట్లో ఇక్కడ బళ్ళన్నీ అంతే. పారశీకం మాటను ఎవరో దొర లాటిన్ తోక తగిలించి పుస్తకంలోకి ఎక్కించాడన్నమాట. ఆ పేరును నేను డిగ్రీ నుంచి ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్కలేదు. ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాను. అది ఒక మాట అనీ, దానికి అర్థం ఉంటుందనీ ఎప్పుడూ అనిపించలేదు. మాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఫోన్ నంబర్లు బట్టీ పట్టినట్టు మూడు వందల పేర్లు బట్టీ పట్టాను. నాలుగో తరగతి మనిషి వాటిని చదువుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. అది సిగ్గు అని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గు కాదు, అసూయే.

ఇక అక్కడి నుంచి నాకు నిద్ర పట్టని పని మొదలైంది. ఆయనకు ఎంత తెలుసో కనుక్కోవాలి. తెలియనిది ఒక్కటైనా ఉంటే చాలు, అదే పదివేలు. కుంకుడు దగ్గర ఆపి, సపిండస్ అన్నాను నిర్లక్ష్యంగా. ఇండియా సబ్బు అన్నాడు. అత్తిపత్తి, మైమోసా పుడికా అన్నాను. సిగ్గుపడేది అన్నాడు. రేల చెట్టు కేసియా ఫిస్టులాలో ఫిస్టులా అంటే గొట్టమనీ, కాయను చూస్తే తెలియడంలేదా అనీ అన్నాడు. ప్రతిసారీ వెంటనే మాత్రం చెప్పేవాడు కాదు. "ముందుగాల సూడు. పేరు అటెన్క" అనేవాడు. మొక్కను మొదట చూసినోడికి ఏది కళ్ళబడిందో అదే పేరు అయ్యుంటుందట. కాబట్టి ముందు మనమూ చూడాలి. నేను చూసేదాన్ని కాదు. చూసినట్టు నటించి, చెప్పేదాకా గడియారం వంక చూసేదాన్ని.

ఇదంతా ఆయనకెలా వచ్చిందో చాయ్ తాగుతూ తానే చెప్పాడు. కాలేజీలో ఆయన పని హెర్బేరియంలో. అంటే మొక్కల్ని పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టి, దళసరి కాగితాలకు అతికించి దాచే గది. ముప్పై ఏళ్ళు అదే పని. అక్కడ ఒక పెద్ద మేడమ్ ఉండేవారట. ఆయన అతికిస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో పేరూ విప్పి చెప్పేవారట. ఆవిడ చెప్పినవన్నీ ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ గది మర్యాద ఒకటి ఆయనకు ఒంటికి పట్టేసింది. అతికించిన ప్రతి కాగితం మీదా కింద కుడివైపు ఆ మొక్కను ఎవరు తెచ్చారో, దాని పేరు ఎవరు తేల్చారో తప్పకుండా రాయాలి. "ఎవరు తెచ్చిన్రో రాయకుంటే గా కాగితం గడ్డిమోపే" అనేవాడు. మాకూ ఆ పద్ధతి క్లాసులో నేర్పారు. దానికి రెండు మార్కులు.

నోట్‌బుక్ ఖాకీ చొక్కా లోపలి జేబులో ఉండేది. పొద్దున పనిలోకి దిగేముందు పంపు షెడ్డు మెట్టు మీద కూర్చుని, ఒక పేజీ తెరిచి పెదవులు కదుపుతూ చదువుకునేవాడు. నన్ను చూస్తే మూసేవాడు. ఒకరోజు మాత్రం మూయకుండా, "యాదిమరుపు ఎక్కువైతుంది బిడ్డా. పొద్దుగాల ఒక్కసారి సూస్కుంటెనే దినమంత నిలుస్తది" అన్నాడు. నలుగురిలో నన్ను చిన్న మేడమ్ అనేవాడు. ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు. అది కూడా నాకు గుచ్చుకునేది. నేనేమీ ఆయన దగ్గర నేర్చుకోవడానికి రాలేదు కదా అని.

ఒకే ఒక్కసారి నేను గెలిచాను. దారి పక్కన గడ్డిచామంతి ఉంటుంది, ట్రైడాక్స్. దాని రేకు కొసన మూడు పళ్ళు ఉంటాయి, ట్రైడాక్స్ అంటే మూడు కాట్లు పడ్డది అని ఆయన చూపించాడు. నాకు చిర్రెత్తి, మీరు పువ్వంటున్నది అసలు ఒక్క పువ్వే కాదు, వందకు దగ్గరగా చిన్న పువ్వులు ఒక్కచోట గుమిగూడి ఒక్కటిగా కనబడుతున్నాయి, ఆ రేకు కూడా వాటిలో ఒక పువ్వే అన్నాను. బోగన్‌విలియాలో రంగుగా కనబడేవి పూరేకులు కావు ఆకులు, అసలు పువ్వు మధ్యలో తెల్లగా ఉంటుందని కూడా కలిపి కొట్టాను. ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. గడ్డిచామంతిని గోటితో విడదీసి, దారం కళ్ళద్దాలు పైకెత్తి, చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళు అతికించినా ఈ సంగతి తెలియదని పైకే అన్నాడు. నేను గెలిచిన సంతోషంతో హాస్టలుకెళ్ళి ఆ నీళ్ళ సాంబారు రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళు నిలుస్తుంది. మేనేజరుకు పెద్దాయన సంగతి తెలిసిపోయింది. భవనం కట్టే ఇంజనీర్లు కూడా మధ్యాహ్నం ఆయన చుట్టూ చేరి అర్థాలు అడిగేవాళ్ళు. ఒకరోజు అందరి ముందు మేనేజరు, "మేడమ్‌కి పేర్లు తెలుసండి, పెద్దాయనకి వాటి కథ తెలుసు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నా ఆరు నెలలు నిండటానికి మూడు వారాలే ఉన్నాయి. ఆ భవనం అద్దెకు తీసుకోబోయే విదేశీ కంపెనీ వాళ్ళు తోట చూడటానికి వస్తారనీ, నేనే తిప్పి చూపించాలనీ, అది బాగా జరిగితే నా ఉద్యోగం గురించి మాట్లాడదామనీ మేనేజరే చెప్పాడు. చెప్పి, "పెద్దాయన్ని పక్కనుంచుకోండి, అడిగితే అర్థాలు ఆయన చెప్తాడు" అని చేర్చాడు. నా చదువుకు ఆ ముసలాయన తోడు కావాలట.

ఆ వారంలోనే పెద్దాయన నన్ను ఒకరోజు తెల్లవారగానే రమ్మన్నాడు. పాత యజమాని పశువుల కొట్టం పక్కన వేసుకున్న పారిజాతం చెట్టు ఒకటి ఆ స్థలంలో మిగిలింది. దాని కింద నిలబడి చూడమన్నాడు. ఎండ ఇంకా కొమ్మల్లోకి రాలేదు. గాలి కూడా లేదు. పూలు ఒక్కొక్కటిగా, ఎవరూ కదపకుండానే రాలుతున్నాయి. నిక్టాంథస్ ఆర్బర్ ట్రిస్టిస్ అని నేను మనసులో అనుకుంటున్నాను. ఆయన చాలాసేపటికి, "ఉదాస్ చెట్టు బిడ్డా. పొద్దు మొకం జూడకముందే పూలన్ని విడుస్తది. పెద్ద మేడమ్ చెప్పిన్రు" అన్నాడు. ట్రిస్టిస్ అంటే దుఃఖంతో ఉన్నది. అప్పుడు మాత్రం గడియారం చూడలేదు. నిజంగా చూశాను. చూసినందుకే ఇంకా కుళ్ళుకున్నాను. ముప్పై ఏళ్ళు ఒకరు పక్కన కూర్చుని ఇలా చూపిస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఆ పొద్దున అర్థమైంది. నాకు అలాంటివాళ్ళు ఒక్కరూ దొరకలేదు. ఆయనకు దొరికారు.

అతిథులు వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆయన ఖాకీ చొక్కా పంపు షెడ్డులో మేకుకు తగిలించి, బనీనుతో పైపు పట్టుకుని అవతలి మడిలో ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళి జేబులోంచి నోట్‌బుక్ తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. హాస్టల్లో కూర్చుని రేపటికి కావలసిన అర్థాలన్నీ ఎత్తి రాసుకోవాలని నా ఎత్తు. పొద్దున్నే వచ్చి తిరిగి జేబులో పెట్టేస్తే సరి. ఆయన నా పక్కన నిలబడాల్సిన అవసరమే ఉండదు.

బస్సులో కూర్చోవడానికి సీటు దొరికింది. రబ్బరు పట్టీ తీసి మొదటి పేజీ తెరిచాను. ఉర్దూ. తిప్పాను, ఉర్దూ. చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా కుడి నుంచి ఎడమకు సన్నటి ఉర్దూ. మరి నాలుగో తరగతి ఉర్దూలో చదివిన మనిషి ఇంకే భాషలో రాసుకుంటాడు? అసూయలో కూరుకుపోయి ఆ మాత్రం బుర్ర కూడా పనిచేయలేదు. చేతిలోకి వచ్చి కూడా నాది కాలేదన్న ఉక్రోషంతో ఆ నోట్‌బుక్‌ని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. విసరలేదు.

మర్నాడు బస్సు ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి పెద్దాయన వంగి కుండీల మధ్య, బస్తాల కింద వెతుకుతున్నాడు. మాలీలను ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. అది నా భుజానికి వేలాడుతున్న బ్యాగులోనే ఉంది. షెడ్డులో ఎక్కడో జారిపడినట్టు పడేస్తే అరనిమిషం పని. పడేయలేదు. ఆ ఒక్క పూట ఆయన కూడా నాలాగే ఉండాలనుకున్నాను. అంతే.

అతిథులు ఐదారుగురు వచ్చారు. వాళ్ళలో తెల్లజుట్టు ఆవిడ ఒకామె ప్రతి బోర్డు దగ్గరా ఆగింది. వేప దగ్గర నేను ముందుకొచ్చి, ఎవరి చేతికింద లేని చెట్టు అని ఇంగ్లీషులో చెప్పాను. ఆమెకు ఎంతో నచ్చింది. పారిజాతం దగ్గర నేల నిండా పూలు. ఈ పేరుకు అర్థమేమిటని ఆమె అడగగానే, మేనేజరు ఉత్సాహంగా పెద్దాయన్ని ముందుకు పిలిచాడు. ఆయన వచ్చాడు. చేయి జేబు మీదికి వెళ్ళింది. జేబు తడుముకుని, చెట్టు వంక చూశాడు. కింద పూల వంక చూశాడు. ఆ పొద్దున పేజీ తెరవలేదు కదా. పేజీ చదువుకునేటప్పటిలా పెదవులు మాత్రం కదిపాడు.

"యాదికొస్తలేదు సార్" అన్నాడు చివరికి.

మేనేజరు మొహం మాడింది. అప్పుడు నేను చెప్పాను. దుఃఖంతో ఉన్న చెట్టు అని, సూర్యుడు చూడకముందే పూలన్నీ విడిచేస్తుందని, ఆయన చెప్పినట్టే, ఆయన ఆగిన చోటే ఆగి చెప్పాను. తెల్లజుట్టు ఆవిడ గుండెల మీద చేయి పెట్టుకుంది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. యూనివర్సిటీలో అన్నాను. పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. యూనివర్సిటీ అన్న మాట మాత్రం వస్తుంది. నా పక్కనే నిలబడి ఉన్నాడు. తల పంకించాడు.

వాళ్ళు వెళ్ళాక ఆయన దగ్గరికొచ్చి, మంచిగ చెప్పినవ్ బిడ్డా అన్నాడు. పుస్తకం దొరికిందా అని అడిగాను. అలా అడగడానికి నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"దొరికినోళ్ళకు సదువరాదు. గదే నా ఫికర్" అన్నాడు.

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. ఆయన మొహం చూసి ఉంటే తెలిసేది. నేను చూసింది ఆయన చెప్పుల వంక.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆ నెలాఖరుకు కూలీల కాంట్రాక్టరు మారాడు, పెద్దాయన మళ్ళీ రాలేదు. బాచుపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడని ఎవరో అన్నారు. వెళ్ళి ఇచ్చిరావాలని రోజూ అనుకున్నాను. రోజూ అనుకోవడంతోనే సరిపోయింది. ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడని మా పాత మాలీ ఒకతను కనబడి చెప్పాడు. అయ్యో అన్నాను. తర్వాత కాలేజీలో లెక్చరరునయ్యాను. లాటిన్ పేర్ల అర్థాలు చెప్పే మేడమ్‌గా నాకు మంచి పేరు వచ్చింది. ఎక్కడ తెలుసుకున్నారు మేడమ్ అని పిల్లలు అడిగితే, చదివాననేదాన్ని.

సెక్రటరీ వచ్చివెళ్ళిన మర్నాడు, నోట్‌బుక్ తీసుకుని కింది ఫ్లాటులో ఉండే రిటైరైన ఉర్దూ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. చదివి చెప్పమంటే సంతోషంగా కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఒక్కో మొక్కకు మూడేసి గీతలు. మొదటి గీతలో పేరు, రెండోదానిలో అర్థం, మూడోదానిలో ఎవరు చెప్పారో. మూడో గీతలో అంతటా పెద్ద మేడమ్, పెద్ద మేడమ్. ఒక్కచోట కలుపు తీసే ఎల్లమ్మ. ఒకచోట బడిలో పంతులు. టీచరమ్మ చదువుతూ చదువుతూ చివరి పేజీలకు వచ్చి, "గడ్డిచామంతి, ఒక్క పువ్వు కాదు, పువ్వుల మంద" అని ఆగారు. "కింద చిన్న మేడమ్ చెప్పింది అని ఉంది. బోగన్‌విలియా దగ్గర కూడా అట్లనే ఉంది. ఎవరు మేడమ్ ఆమె?"

నేనేనని చెప్పలేకపోయాను. నేను గెలిచాననుకుని రెండుసార్లు సాంబారు పోసుకున్న రోజున, ఆయన ఏ బాధా లేకుండా నన్ను కూడా ఆ పెద్ద మేడమ్ వరసలోనే రాసుకున్నాడు. అది చూశాక కూడా నాకు మొదట వచ్చింది కన్నీళ్ళు కాదు, అసూయే. ఇంకొకరికి తెలిసింది తనకు తెలియదని ఒప్పుకోవడం ఆయనకు అంత తేలిక ఎలా అయింది? నాకెందుకు కాలేదు?

బోర్డులకు కాగితం రాసుకున్నాను. వేప. ఎవరి చేతికింద లేని చెట్టు. కింద మూడో గీత గీసి, చెప్పినవారు అని రాసి, నోట్‌బుక్ ఇంకా తన దగ్గరే ఉంచుకున్న టీచరమ్మకు ఫోన్ చేశాను. ఆ నోట్‌బుక్‌లో రాసినాయన పేరు ఎక్కడుందో చూడమన్నాను. ఆమె అట్ట లోపలి వైపు కూడా వెతికారు.

"అందరి పేర్లున్నయి మేడమ్. ఆయన పేరే లేదు" అన్నారు.

సెక్రటరీ కాగితం చూసి, ఖాళీగా ఉన్న గీత దగ్గర నా పేరు వేయించమంటారా అని మర్యాదగా అడిగాడు. వద్దని, గీతను అలాగే ఉంచమని చెప్పాను. మూడు వందల లాటిన్ పేర్లు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆయన పేరు మాత్రం ఎవరినీ అడగలేదు. నిజానికి అడగాల్సిన అవసరం కూడా లేదు. మొదటి రోజే నర్సరీ షెడ్డులో నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఆయన చెప్పింది అదే. తన పేరు, తండ్రి పేరు, ఊరు. నేను కుండీలు లెక్కపెడుతున్నాను.